నీటిమట్టం దగ్గర తారాజువ్వలు

ప్రశ్న: సార్, మాది చండూరు దగ్గర పల్లె. ఎంటెక్ రెండో ఏడు చదువుతున్నాను. బోరు వేసేటప్పుడు కంప్రెషర్ గాలి, నీళ్లు, రాతిపొడి కలిసి పైకి వచ్చే తీరును కంప్యూటర్‌లో చూపడం నా ప్రాజెక్టు. గాలి, నీళ్లు మాత్రమే పెడితే బాగానే నడుస్తోంది. రేణువులు వేస్తే నీటిమట్టం దగ్గర కొన్ని తారాజువ్వల్లా ఎగిరిపోతున్నాయి, ఒక్కోసారి ప్రోగ్రామే ఆగిపోతోంది. గైడ్ టైమ్‌స్టెప్ (లెక్క ఒక్కో అంగలో ముందుకు జరిగే కాలం) తగ్గించమంటారు. తగ్గిస్తే ఒక్క రన్‌కు నాలుగు రోజులు! బోరు బండి మీద పనిచేసే మా నాన్నేమో ‘పొడి చూస్తే నాకు తెలుస్తది, దీనికి కంప్యూటర్ ఎందుకు’ అంటాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బిడ్డా, ముందు రేణువు సాంద్రత ఎంత ఇచ్చావో చూడు. నవ్వకు. నేను ఒకసారి ఘనమీటరుకు 2650 కిలోలు ఇవ్వాల్సిన చోట 2.65 ఇచ్చి, రాళ్లు బుడగల్లా తేలుతుంటే రెండు వారాలు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను.

అది సరిగ్గానే ఉంటే, గైడ్ చెప్పింది సగం నిజం. 0.1 మిల్లీమీటరు రాతిరేణువు నిశ్చలమైన నీళ్లలో సెకనుకు సుమారు 9 మిల్లీమీటర్లు దిగుతుంది. స్టోక్స్ 1851లో ఇచ్చిన సూత్రంతో నువ్వే వేసి చూడు. అదే రేణువు గాలిలో సెకనుకు అరమీటరు పైచిలుకు పడుతుంది. గాలిలో దాని వేగం కుదురుకోవడానికి పదుల మిల్లీసెకన్లు పడితే, నీళ్లలో ఒకటిన్నర మిల్లీసెకను చాలు. నీ టైమ్‌స్టెప్ ఆ ఒకటిన్నరకు రెట్టింపు కన్నా పెద్దదనుకో, నీళ్లు తగలగానే లెక్క రేణువును ఆపబోయి వెనక్కి తంతుంది, మరుసటి స్టెప్‌లో ఇంకా గట్టిగా ముందుకు తంతుంది. నీ తారాజువ్వ అదే. దీనికి మొత్తం లెక్కను నత్తనడక నడిపించక్కర్లేదు. ద్రవం ఒక అంగ వేసేలోపు రేణువు మాత్రం ఇరవై చిన్న అంగలు వేసేలా పెట్టు. నాలుగు రోజులు పట్టదు.

ప్రోగ్రాం ఆగిపోవడం వేరే జబ్బు. నీటిమట్టం చక్కగా గీయాలంటే మెష్ (లెక్క కోసం బోరు లోపలి జాగాను విడగొట్టిన గళ్ల వల) గడి చిన్నదవ్వాలి. రేణువు చుట్టూ ప్రవాహాన్ని సగటు లెక్కలో పట్టే పద్ధతికేమో గడి రేణువు కన్నా కొన్ని రెట్లు పెద్దది కావాలి. నువ్వు ఒక మిల్లీమీటరు గడుల్లో మూడు మిల్లీమీటర్ల రాతిపెళ్ల వేసి ఉంటావు. ఆ గడిలో ద్రవానికి చోటు సున్నా. సున్నాతో భాగిస్తే ఏమవుతుందో ఆరో తరగతిలోనే చెప్పారు కదా. పెళ్ల పరిమాణాన్ని చుట్టుపక్కల గడులకు పంచు, లేదా ముతక రాయిని ఈ ప్రాజెక్టులోంచి తీసెయ్. నేనైతే తీసేస్తాను.

ఇక మీ నాన్న సంగతి. నీళ్లు ఇంకా పడకుండా తడి మాత్రమే తగిలినప్పుడు దుమ్ము ఎగరడం ఆగిపోయి, పొడి ముద్దై బోరు గోడకు, రాడ్‌కు అతుక్కుంటుంది. అప్పుడు బండివాళ్లు పై నుంచి నీళ్లో నురగ మందో పోస్తారు. ఆ ముద్ద కట్టడం నీ రన్‌లో ఎన్నటికీ కనిపించదు. నీ ప్రోగ్రాంకు తలతన్యత గాలికీ నీళ్లకూ మధ్య మాత్రమే తెలుసు, రేణువు మీద దాని బలం నువ్వు పెట్టలేదు. 0.1 మిల్లీమీటరు రేణువును నీటిపొర పట్టి ఉంచగల బలం దాని బరువుకు వెయ్యి రెట్లకు పైనే. బరువు లెక్కపెట్టి, దీన్ని వదిలేశావు!

కాబట్టి వరస మార్చు. మొదట ఒకే రేణువు, నిశ్చలమైన నీళ్లు: 9 మిల్లీమీటర్లు వచ్చిందా? తర్వాత ఒకే రేణువు, నిశ్చలమైన గాలి. తర్వాత అదే రేణువు నీటిమట్టం దాటడం. ఈ మూడూ కుదరకుండా లక్ష రేణువులు వేయకు.

ఈ ఆదివారం మీ నాన్న పక్కన కూర్చుని ఒక్కటి అడుగు: తడి తగిలాక ఎన్ని అడుగులకు పొడి ముద్దవుతుంది, ఆ ముద్దను ఎన్ని నీళ్లు పోసి వదిలిస్తాడు? ఆయన చెప్పిన అంకెలు రాసి పంపు, నీ రన్‌కు ఎంత నీరు ఇవ్వాలో అప్పుడు చెబుతాను.