పెరోల్ ఫైల్లోకి బాధితుల మాట వెళ్లేదెలా?

ప్రశ్న: మా తమ్ముడి హత్య కేసులో యావజ్జీవం పడ్డ వ్యక్తి అడవివరం సెంట్రల్ జైల్లో ఉన్నాడు. తల్లికి ఒంట్లో బాగాలేదని పెరోల్‌కి పెట్టుకున్నాడట. మాకు కోర్టు నుంచి నోటీసేమీ రాలేదు. మమ్మల్ని అడక్కుండానే వదిలేస్తారా?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: నోటీసు కోసం ఎదురు చూడకండి. బెయిల్ అయితే కోర్టులో వాదనలు ఉంటాయి. పెరోల్ ఫైలు నడిచేది 1979 నాటి ఆంధ్రప్రదేశ్ జైలు నియమాల ప్రకారం, జైళ్ల శాఖలో, ప్రభుత్వంలో. అక్కడ మిమ్మల్ని పిలిచి వినే విచారణ మామూలుగా జరగదు. మీ మాట ఆ ఫైల్లోకి వెళ్లే ప్రధాన దారి పోలీసు రిపోర్టు.

ఖైదీ బయటికొచ్చి ఎక్కడ ఉంటానంటాడో అక్కడి పోలీసుల అభిప్రాయం అడుగుతారు. చిక్కంతా ఇక్కడే. అతను చోడవరంలో అక్కగారింట్లో ఉంటానని రాశాడనుకోండి. కానిస్టేబుల్ చోడవరం వెళ్లి ఇరుగుపొరుగును అడిగి, 'శాంతిభద్రతలకు ఇబ్బంది లేదు' అని రాసి పంపుతాడు. చోడవరం అనకాపల్లి ఎస్పీ పరిధి, మీరుండేది విశాఖ కమిషనరేట్ పరిధి. గాజువాకలో మీ గుమ్మం ఎవరూ తొక్కరు. ఎవరూ కావాలని చేయకపోయినా మీ భయం కాగితం మీదికి ఎక్కదు.

అందుకే మీరే ముందు రాయాలి. ఒకే అర్జీ నాలుగు కాపీలు తీసి జైలు సూపరింటెండెంటుకి, విశాఖ పోలీస్ కమిషనరుకి, కేసు నమోదైన స్టేషన్ సీఐకి, అతను ఉండబోయే జిల్లా ఎస్పీకి ఇవ్వండి. తెలుగులో రాస్తే చాలు. పైన క్రైమ్ నంబరు, సెషన్స్ కేసు నంబరు, తీర్పు తేదీ, ఖైదీ పేరు, తండ్రి పేరు ఉండాలి. కేసు నంబరు గుర్తులేకపోతే ఈ-కోర్ట్స్ సైట్లో పార్టీ పేరు, సంవత్సరం కొట్టి వెతకండి. తీర్పు నకలు జత చేయండి.

లోపల ఏం రాస్తారన్నదే అసలు విషయం. 'వాడు దుర్మార్గుడు, వదలొద్దు' అని రెండు పేజీలు రాసినా పెద్దగా పనిచేయదు, అతను చేసింది తీర్పులో ఉండనే ఉంది. బయటికొస్తే ఎవరికైనా హాని చేస్తాడా, పారిపోతాడా, ఊళ్లో గొడవలు రేగుతాయా అన్నవే అధికారి చూసేవి. 'ఫలానా తేదీ సాయంత్రం అతని బావమరిది మా షాపు దగ్గరికొచ్చి, వాడు రానీ మీ సంగతి చూస్తాం అన్నాడు, పక్క షాపతను విన్నాడు' – ఇలాంటి ఒక్క వాక్యానికి ఉన్న బలం పేజీల కన్నీళ్లకు ఉండదు. ఫోన్లో బెదిరిస్తే నంబరు, తేదీ, టైము రాసి రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో పెట్టివ్వండి. చేత్తో ఇచ్చినచోట రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి, మిగతావి స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచండి. రేపు హైకోర్టుకి వెళ్లాల్సి వస్తే ముందే చెప్పామనడానికి ఆ ముద్రే సాక్ష్యం.

తల్లి నిజంగానే మంచాన పడి ఉంటే పెరోల్ పూర్తిగా ఆపించడం కష్టం. ఆపమని పట్టుబట్టడం కూడా సరికాదని మా అభిప్రాయం. అప్పుడు షరతులు అడగండి: గాజువాక స్టేషన్ పరిధిలో అడుగుపెట్టకూడదు, రోజూ స్థానిక స్టేషన్లో సంతకం పెట్టాలి, విడుదల తేదీ, తిరిగి లొంగిపోవాల్సిన తేదీ మీకు ఫోన్ చేసి చెప్పాలి. ఈ చివరిది తప్పకుండా రాయండి. బజార్లో ఎదురుపడేదాకా అతను బయటికొచ్చాడని తెలియకపోవడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకే తెలుసు.

బయటికొచ్చాక బెదిరిస్తే 112కి ఫోన్ చేసి ఫిర్యాదివ్వండి. ఆ కాపీ అదే రోజు జైలు సూపరింటెండెంటుకి చేర్చండి. షరతు మీరితే పెరోల్ రద్దు చేయొచ్చు.

ప్రశ్న: మాది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు. మాకూ ఇదే పద్ధతేనా?
– పెందుర్తి పాఠకుడు

జవాబు: మీకు ఇంతకంటే గట్టి హక్కుంది. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణతో ఆ చట్టంలో 15ఎ సెక్షన్ చేరింది. బెయిల్, విడుదల, పెరోల్, శిక్ష విషయాల్లో బాధితుల మాట వినాలని దాని 5వ ఉపసెక్షన్ చెబుతోంది. 3వ ఉపసెక్షన్ కోర్టు ప్రక్రియ గురించి సకాలంలో నోటీసు ఇవ్వాలంటుంది. ఈ రెండూ తప్పనిసరని 2021లో హరిరామ్ భంభీ కేసులో, బెయిల్ సందర్భంలో, సుప్రీంకోర్టు తేల్చింది. పై అర్జీలోనే సెక్షన్ నంబరు వేసి, ప్రత్యేక కోర్టుకి, స్పెషల్ పీపీకి (ఆ కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు) కూడా కాపీ ఇవ్వండి. 'ఇది కోర్టు వ్యవహారం కాదు కదా' అని ఆఫీసులో ఎవరైనా అంటే వెనక్కి రావద్దు. పెరోల్ అన్న మాట చట్టంలోనే ఉంది.

ప్రశ్న: ఆగస్టు 15కి సత్ప్రవర్తన కింద విడుదల చేస్తే మేం ప్రశ్నించగలమా?
– మధురవాడ పాఠకురాలు

జవాబు: ప్రశ్నించవచ్చు. పెరోల్‌పై వచ్చినవాడు తిరిగి జైలుకెళ్లాలి, ఇది మిగిలిన శిక్షనే రద్దు చేయడం. మన రాష్ట్రం కేసే ఉంది. గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపును హతుడి కొడుకు సవాలు చేస్తే, 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఖైదీ ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అన్నది లెక్కలోకి రావాల్సిన విషయమే కాదంది. 2002 గుజరాత్ అల్లర్లలో సామూహిక అత్యాచారానికి గురైన బిల్కిస్ బానో పిటిషన్ మీద 2024 జనవరి 8న సుప్రీంకోర్టులో 11 మంది దోషుల విడుదల రద్దయింది, వాళ్లు తిరిగి జైలుకెళ్లారు.

ముందు జీవో కాపీ సంపాదించండి. విడుదల బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 473వ సెక్షన్ కింద జరిగిందా, రాజ్యాంగంలో గవర్నర్ అధికారమైన 161వ అధికరణ కింద జరిగిందా చూడండి. మరణశిక్ష కూడా వేయదగ్గ నేరంలో యావజ్జీవం పడితే కనీసం 14 ఏళ్లు జైల్లో ఉండాలన్న 475వ సెక్షన్ మొదటిదానికే వర్తిస్తుంది, రెండోదానికి కాదు. ఆపైన హైకోర్టులో రిట్ వేయాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ప్రశ్న: అర్జీ పెడితే మా కొత్త అడ్రసు అతనికి తెలిసిపోదా?
– పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు: అర్జీలో అడ్రసు, ఫోన్ నంబరు రాయకండి. అవి వేరే కాగితం మీద రాసి, సీల్ చేసిన కవర్లో పెట్టి, 'ఖైదీకి గానీ అతని లాయర్‌కి గానీ చూపరాదు' అని పైన రాసివ్వండి. బెదిరింపు నిజంగా ఉంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏసీపీ లేదా డీఎస్పీ స్థాయి అధికారి ప్రమాదం ఎంతో అంచనా వేసి నివేదిక ఇస్తారు. రక్షణ ఒక్కో విడతకు మూడు నెలలకు మించదు, గడువు ముగియకముందే పొడిగింపు అడగండి.