ఏటి ఒడ్డు మార్కెట్‌కి మళ్ళీ బేరాలు రావాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. ఊరి నడుమ, నది ఒడ్డున, సగానికి పైగా మూతపడ్డ మార్కెట్. మిగతా ఉత్తరాలు వచ్చే నెలకి ఉంచి, ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, ఊరి నడిబొడ్డున నది గట్టు మీద ఉన్న మార్కెట్‌లో ఇరవై రెండేళ్ళుగా నాకు బట్టల కొట్టు ఉంది. అరవై కొట్లలో ఇప్పుడు తెరుచుకునేవి పంతొమ్మిదే. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తితే ఒక్కోరోజు మధ్యాహ్నం ఒంటిగంట దాకా బోణీ కాదు. పాలక సంస్థ వాళ్ళు ఒకసారి పాత బిల్డింగ్ పడగొట్టి అద్దాల మేడ కడతామంటారు, ఇంకోసారి లైట్లు పెట్టి ఉత్సవాలు చేద్దామంటారు. ఉత్సవాలకి జనం బాగానే వస్తున్నారు, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతున్నారు. మా వర్తక సంఘాన్ని సలహాలు రాసి ఇమ్మన్నారు. ఏం రాయమంటారు?
– ఒక కొట్టు యజమాని

జవాబు: ఒంటిగంట దాకా బోణీ కాదన్న మాట దగ్గర ఆగిపోయానండీ. ఇలాంటి మార్కెట్‌నే నేను పద్నాలుగేళ్ళు మేనేజరుగా చూసుకున్నాను. ఆ టైములో కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాళ్ళ ముఖాలు నాకు బాగా తెలుసు. పలకరిస్తే "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది కదమ్మా" అనేవాళ్ళే గానీ, బేరాలు లేవని నోరు విప్పి చెప్పేవాళ్ళు కాదు.

ముందుగా, పడగొట్టడానికి ఒప్పుకోకండి. కొత్త హంగులతో మార్కెట్ పెట్టి జనాన్ని రప్పించే ఈ ప్రయోగం అమెరికాలో బోలెడన్ని ఊళ్ళు చేసి చూశాయి. 1976లో బోస్టన్‌లో పాతబడిపోయిన క్విన్సీ మార్కెట్‌ని జేమ్స్ రౌస్ అనే డెవలపర్, బెంజమిన్ థాంప్సన్ అనే ఆర్కిటెక్ట్ కలిసి బాగుచేసి తెరిచారు. జనం విరగబడ్డారు. 1980లో బాల్టిమోర్ రేవు పక్కన రౌస్ కట్టిన హార్బర్‌ప్లేస్‌కీ అంతే. దాంతో నీటి ఒడ్డు ఉన్న చిన్నా పెద్దా ఊళ్ళన్నీ మాకూ అలాంటిదే కావాలన్నాయి. ఒహాయోలోని టొలీడోలో మామీ నది ఒడ్డున పోర్ట్‌సైడ్ 1984లో మొదలై, 1990కల్లా మూతపడింది. ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్ నది ఒడ్డున జాక్సన్‌విల్ ల్యాండింగ్‌ని 1987లో తెరిచారు. చివరికి నగరమే డబ్బిచ్చి లీజు వదిలించుకుని, 2019లో పడగొట్టడం మొదలుపెట్టింది. హార్బర్‌ప్లేస్ కూడా క్రమంగా ఖాళీ అయి, అదే ఏడాది రిసీవర్ చేతికి, అంటే ఆస్తిని చూసుకోవడానికి కోర్టు నియమించిన మనిషి చేతికి వెళ్ళింది.

ఇలా దెబ్బతిన్నవన్నీ కట్టినప్పుడు కొత్త బిల్డింగులే. కానీ ఎక్కువగా చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం కట్టారు. బోస్టన్‌లో చుట్టూ వేలమంది ఆఫీసు ఉద్యోగులు, ఏడాది పొడుగునా టూరిస్టులు ఉంటారు. చిన్న నగరాల్లో ఆ జనం ఎక్కడినుంచి వస్తారు? ఊళ్ళోవాళ్ళు ఒకటి రెండుసార్లు చూసి, ఇంకే మాల్‌లోనైనా దొరికే వస్తువులే ఇక్కడా ఉన్నాయని రావడం మానేశారు. మీ అద్దాల మేడకీ ఇదే గతి పడుతుందేమోనని నా భయం.

సలహాలు రాసేముందు ఒక పని చెయ్యండి. రెండు వారాలపాటు మార్కెట్‌లోకి వచ్చే ప్రతి దారి దగ్గరా ఒక మనిషిని నిలబెట్టి లెక్క రాయించండి. నేను నోటుబుక్కులో రెండు గళ్ళు గీసుకునేదాన్ని. ఒకటి దారిన పోయేవాళ్ళకి, రెండోది లోపలికి తిరిగేవాళ్ళకి. మొదటి వారంలోనే ఒక సంగతి బయటపడింది. బస్టాపు వైపు నుంచి సాయంత్రం వచ్చేవాళ్ళు ఎనిమిది మెట్లు దిగి, మలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ మెట్లెక్కేసేవాళ్ళు. పదిమందిలో ఆరేడుగురు అంతే. ఎందుకా అని నేనూ అక్కడికెళ్ళి నిలబడ్డాను. ఎదురుగా వరసగా నాలుగు మూసిన షట్టర్లు, పైన మాడిపోయిన ట్యూబ్‌లైటు, ఆ చీకట్లో మూత లేని చెత్తడబ్బా. ఏడు అడుగులు ముందుకేస్తే కుడిపక్కన తెరిచి ఉన్న కొట్లు కనిపిస్తాయి. కానీ ఆ ఏడు అడుగులు వెయ్యడానికే, ముఖ్యంగా ఆడవాళ్ళకి, ధైర్యం చాలేది కాదు. ట్యూబ్‌లైటు మార్చమని అంతకుముందు మూడు వారాలుగా ఫైలు నడుస్తోంది. నేనే కొని వేయించాను. ఆ వారం చివరికల్లా మెట్ల దగ్గర వెనక్కి తిరిగేవాళ్ళు సగానికి తగ్గారు.

అందుకే మీ కాగితంలో మొదటి మాటగా ఇది రాయండి: మార్కెట్‌కి అక్కడే కూర్చునే మేనేజరు ఒకరు ఉండాలి, చిన్నచిన్న రిపేర్లకి ఆ మనిషి చేతిలో డబ్బు ఉండాలి. పై ఆఫీసు సంతకం లేనిదే లైటు వెలగని చోట ఎంత మంచి ప్లానైనా అటకెక్కుతుంది.

రెండోది కష్టమైన మాట. పంతొమ్మిది కొట్లూ అరవై గదుల్లో చెల్లాచెదురుగా ఉంటే మార్కెట్ చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. అవే పంతొమ్మిదీ ఒకే వరసలో, నదివైపు పక్కపక్కన ఉంటే సందడిగా ఉంటుంది. అంటే కొందరు చోటు మారాలి. మీరూ మారాల్సి రావచ్చు. నేను ఈ మాట ఎత్తినప్పుడు మూడు నెలలు ఎవరూ కదల్లేదు. మారినవాళ్ళకి ఆరు నెలల అద్దె మాఫీ, బోర్డు రాయించే ఖర్చు మార్కెట్‌ది, ఎవరికి ఏ గదో చీటీలు వేసి తేల్చడం అన్నాక ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. అందరికన్నా చివర మారింది గడియారాలు బాగుచేసే పెద్దాయన. ఆయన వీపు ఆనీ ఆనీ వెనక గోడ మీద సున్నం నున్నగా మెరిసేది. పనిముట్ల పెట్టె ఎత్తుకునే ముందు ఆ గోడని ఒకసారి చేత్తో తడిమారు. కాబట్టి మీ సంఘంలో ఎవరైనా మారనంటే మొండితనం అనుకోకండి, టైమివ్వండి.

మిగిలిన ఖాళీ గదులకి పెద్ద కంపెనీల కోసం ఎదురుచూడొద్దు. బోస్టన్‌లోనే తెరిచేనాటికి చాలా కొట్లు అద్దెకి పోలేదు. ఆ ఖాళీలు కనపడకుండా తోపుడుబళ్ళు పెట్టి చిన్న వ్యాపారుల్ని పిలిచారు. ఆ బళ్ళే తర్వాత ఆ మార్కెట్‌కి గుర్తయ్యాయి. సియాటిల్‌లో 1907 నుంచీ ఉన్న పైక్ ప్లేస్ మార్కెట్‌లో రోజువారీ బల్లలు ఉంటాయి. పొద్దున్నే హాజరు పిలిచి, ఆ రోజు ఎవరు ఏ బల్ల దగ్గర అమ్ముకోవాలో చెప్తారు. పండించినవాళ్ళు, తయారుచేసినవాళ్ళే వచ్చి అమ్మాలన్నది అక్కడి నియమం. ఆ మార్కెట్‌నీ పడగొట్టాలనే చూశారు. విక్టర్ స్టీన్‌బ్రూక్ అనే ఆర్కిటెక్ట్ ముందుండి పోరాడితే, 1971లో ఊరి జనం ఓటేసి మరీ కాపాడుకున్నారు. అక్కడ కొట్లతోపాటు క్లినిక్కు, చిన్నపిల్లల బడి, వయసు మళ్ళినవాళ్ళ కేంద్రం, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ ఇళ్ళు కూడా ఉన్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మందులకో, పిల్లాణ్ణి బడి నుంచి తీసుకెళ్ళడానికో మంగళవారం కూడా రావాల్సిన మనిషే మీకు కావాలి. అలాంటి మనిషి మీ కొట్టు ముందు నుంచి వందసార్లు నడిస్తే పదిసార్లైనా లోపలికి వస్తుంది. లైబ్రరీ శాఖ, బిల్లులు కట్టే కౌంటరు, కుట్టుపని నేర్పే క్లాసు, తాళంచెవులు చేసేవాళ్ళు – ఖాళీ గదుల్లోకి ఇలాంటివి అడగండి.

ఉత్సవాల గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. మా దగ్గర పెద్ద ఉత్సవం జరిగిన రోజు కొట్లలో అమ్మకం మామూలు సోమవారం కన్నా తక్కువ. స్టేజీ మధ్యలో వేశారు. జనం కొట్లకి వీపు పెట్టి నిలబడ్డారు, మైకుల హోరులో బేరమాడే వీల్లేదు. స్టేజీ వెయ్యాలంటే మార్కెట్‌కి అవతలి కొసన వేయించండి, జనం కొట్ల మధ్య నుంచే నడిచి వెళ్తారు. అయినా అంత ఖర్చు అక్కర్లేదనే అంటాను. లండన్ బ్రిడ్జి పక్కనున్న బరో మార్కెట్‌లో టోకు వ్యాపారం పడిపోయి దాదాపు ఖాళీ అయిపోయిన రోజుల్లో, 1998లో చిన్న తయారీదారులతో మూడు రోజుల సంత పెట్టారు. అది బాగుండేసరికి నెలకోసారి, తర్వాత వారం వారం పెట్టారు. ఇవాళ ఆ మార్కెట్‌లో కాలుపెట్టే చోటుండదు. మీరూ వారంలో ఒక రోజు పెట్టుకోండి. అదే రోజు, అదే టైము, వానొచ్చినా సరే ఏడాదిపాటు తప్పొద్దు. మొదటి రెండు నెలలు నిరాశగానే ఉంటుంది, దానికి సిద్ధంగా ఉండండి.

అద్దె విషయంలో, కనీస అద్దె తక్కువగా పెట్టి, అమ్మకం ఒక స్థాయి దాటాక అందులో కొంత శాతం తీసుకునే పద్ధతి అడగండి. అప్పుడు మీకు బేరాలు వస్తేనే మార్కెట్ యజమానికీ లాభం. మీ ట్యూబ్‌లైటు మాడిపోతే వాళ్ళకీ టెన్షన్ పట్టుకుంటుంది.

ఇంక నది సంగతి. మీ కొట్లు నదికి వీపు పెట్టి ఉన్నాయనే అనుకుంటున్నాను, ఇలాంటి మార్కెట్లు చాలావరకు అంతే. వెనక తలుపులు, డబ్బాలు, జనరేటరు అన్నీ నీళ్ళవైపే ఉంటాయి. అమెరికాలో టెక్సస్‌లోని సాన్ ఆంటోనియోలో 1921 వరదలు వచ్చాక నదిని కప్పేద్దామన్న మాట కూడా నడిచింది. రాబర్ట్ హగ్‌మన్ అనే ఆర్కిటెక్ట్ 1929లో గట్టు పొడవునా నడకదారి, కొట్లు వచ్చేలా ప్లాన్ వేశాడు. 1941కి దారి పూర్తయింది. కానీ నీటి మట్టంలో మొదటి రెస్టారెంటు తెరిచింది 1946లో, అసలు కళ వచ్చింది 1968 ప్రపంచ ప్రదర్శన టైముకి. ముందు ఒక్క కొట్టు నదివైపు తలుపు తెరవాలి. అది మీదే ఎందుకు కాకూడదు? తలుపు బయట నాలుగు కుర్చీలు వెయ్యండి, సిమెంటు బెంచీలు వద్దు. న్యూయార్క్ కూడళ్ళలో జనం ఎలా కూర్చుంటారో ఏళ్ళ తరబడి గమనించిన విలియం వైట్ పట్టి చూపించిన సంగతి ఒకటుంది: కుర్చీ కదిలేదైతే మనిషి దాన్ని కాస్త జరుపుకుని మరీ కూర్చుంటాడు. నీడలోకో, స్నేహితురాలి పక్కకో. అలా కూర్చున్న మనిషి కాసేపు ఉంటాడు.

ప్రశ్న: ఇంత చర్చ ఎందుకు మేడమ్? పార్కింగ్ లేకే మార్కెట్ చచ్చిపోయింది. నాలుగంతస్తుల పార్కింగ్ కడితే సరిపోదా?
– ఒక పాఠకుడు

జవాబు: పార్కింగ్ చిన్న విషయం కాదండీ. జాక్సన్‌విల్‌లో దీని మీదే నగరానికీ మార్కెట్ నడిపేవాళ్ళకీ ఏళ్ళ తరబడి తగాదా నడిచింది. కానీ కొనదగ్గది ఉంటే పది నిమిషాలు నడిచైనా వస్తారు, లేకపోతే గుమ్మం ముందు చోటిచ్చినా రారు. వచ్చినవాళ్ళు ఎలా వచ్చారో కూడా ఆ రెండు వారాల లెక్కలోనే రాయించండి. మా దగ్గర అడిగితే, మేం అనుకున్నదానికన్నా నడిచీ, బస్సులోనూ వచ్చినవాళ్ళే ఎక్కువ తేలారు. వాళ్ళకి కావాల్సింది నీడ, రోడ్డు దాటే వీలు. కార్ల కోసమైతే ముందు ఉన్న చోటునే సర్దండి. కొట్లవాళ్ళు తమ బళ్ళు దూరంగా పెట్టుకోవాలి, మొదటి గంట ఫ్రీ చెయ్యాలి. కెనడాలో వాంకూవర్‌లోని గ్రాన్విల్ ఐలాండ్‌లో 1979లో పబ్లిక్ మార్కెట్ తెరిచినప్పుడు చాలా రోడ్లకి పేవ్‌మెంట్ గట్లు కట్టకుండా, కార్లూ మనుషులూ ఒకే దారిలో మెల్లగా కదిలేలా వదిలేశారు. పక్కనే ఉన్న సిమెంటు కాంక్రీటు ప్లాంటుని కూడా తీసెయ్యలేదు. నాలుగంతస్తులు కట్టే డబ్బుంటే దాన్ని అద్దె మాఫీలకి వాడమని నా అభిప్రాయం.

ప్రశ్న: అమ్మా, ఇంట్లో గుడ్డ సంచులు కుట్టి అమ్ముతాను. మా ఊరి నది ఒడ్డు మార్కెట్‌లో గది తీసుకోమంటున్నారు. మూడేళ్ళ లీజు అంటున్నారు. ఇంట్లో అందరికీ భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ భయం న్యాయమైనదే తల్లీ. మూడేళ్ళకి ఇప్పుడే సంతకం పెట్టకు. ముందు పది వారాలు ఒక బల్ల అద్దెకి ఇమ్మని అడుగు. ఖాళీ గదులున్నవాళ్ళు కాదనరు. ప్రతి రోజూ ఎంతమంది ఆగారు, ఎంతమంది కొన్నారు, మళ్ళీ వచ్చిందెవరు అని రాసుకో. మూడో లెక్కే ముఖ్యం.

తర్వాత గది తీసుకుంటే లీజులో మూడు సంగతులు చూడు. వరదొచ్చి మార్కెట్ మూసిన రోజులకి అద్దె ఉండకూడదు. గోడ, పైకప్పు, కరెంటు రిపేరు ఎవరిదో స్పష్టంగా ఉండాలి. మూడోది, ఎప్పుడైనా బాగుచెయ్యడానికి ఖాళీ చేయిస్తే, పూర్తయ్యాక అదే మార్కెట్‌లో, నువ్వు కట్టగలిగే అద్దెకి తిరిగి చోటిస్తామని రాసి ఉండాలి. ఎన్నో ఏళ్ళు మార్కెట్‌ని నిలబెట్టినవాళ్ళు, అది బాగుపడిన రోజున బయట నిలబడి చూడటం నేను కళ్ళారా చూశాను. నోటిమాట నమ్మి వెళ్ళినవాళ్ళే వాళ్ళంతా. కాగితం మీద రాయమంటే రేపు మాపు అన్నారంటే, ఆ బల్ల దగ్గరే ఇంకో పది వారాలు కూర్చో. అప్పటి లెక్కలు నాకు రాసి పంపు, గది తీసుకోవాలో వద్దో కలిసి చూద్దాం.