మాలిన్యమా, తోడా?

సందేహం: "సిలికాన్ నానోరేణువుల్లోని మాలిన్యాలను పరారుణ వర్ణపటంతో గుర్తించారు" అని ఒక వ్యాసంలో రాశాను. వాటిలో భాస్వరం కావాలని కలిపినది. దాన్నీ మాలిన్యమే అనాలా? డోపింగ్‌కు, అంటే ఇలా మరో మూలకాన్ని కొద్దిగా కావాలని కలపడానికి, 'మాదీకరణం' సరైన మాటేనా?

సమాధానం: 'పరారుణం' (ఇన్‌ఫ్రారెడ్) చక్కని మాట, ముట్టుకోకండి. నా పేచీ తక్కిన రెంటితోనే.

'మాదీకరణం' పాఠ్యపుస్తకాల్లో కుదురుకుంది కానీ నాకెన్నడూ మింగుడుపడలేదు. మదం, మాదకం పుట్టిన ధాతువే దీనికీ మూలం, అంటే మత్తెక్కించడం. ఇంగ్లీషు 'డోప్' డచ్చి నుంచి వచ్చింది. అక్కడ దానికి అర్థం ముంచుకు తినే పులుసు. ఆ పేరు చిక్కటి ద్రవాలకూ, నల్లమందు పాకానికీ, చివరికి మత్తుమందులకూ పాకింది. మనవాళ్లు ఆ చివరి అర్థాన్నే పట్టుకున్నారు. మాట పుట్టుక చూడకుండా అనువదిస్తే ఇంతే.

ఈ పనికి మన వంటింట్లోనే మాట ఉంది: తోడు. గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేస్తే తెల్లవారేసరికి గిన్నెడు పెరుగు. 5 నానోమీటర్ల సిలికాన్ రేణువులో మూడు వేలకు పైగా పరమాణువులుంటాయి; ఒక్క సిలికాన్ స్థానంలో భాస్వరం చేరితే చాలు, ఒక ఎలక్ట్రాన్ అదనంగా వస్తుంది. మజ్జిగలోని జీవులు పెరుగుతాయి, భాస్వరం పెరగదు, పోలిక అంతవరకే. కానీ ఎంత చుట్టరికమున్న మాట! తోడబుట్టినవాడు, తోడికోడలు, తోడల్లుడు; తృతీయా విభక్తిలోని 'తోడన్', మనం రోజూ వాడే 'తో' కూడా ఆ ఇంటివే.

ఇక మాలిన్యం. మలినం అంటే అక్కరలేనిది, అంటుకున్నది. పరారుణ కిరణాలు పంపితే సిలికాన్-ఆక్సిజన్ బంధం సెంటీమీటరుకు సుమారు 1100 తరంగాల దగ్గర, సిలికాన్-హైడ్రోజన్ బంధం 2100 దగ్గర వాటిని పీల్చుకుంటాయి. గాలి తగిలి చేరిన ఆక్సిజన్‌ను నిస్సంకోచంగా మాలిన్యం అనండి. హైడ్రోజన్ సంగతి అంత తేలిక కాదు. రేణువు ఉపరితలాన్ని కాపాడటానికి దాన్ని కావాలనే కప్పుతారు కనుక అది మాలిన్యం కాదు, తోడూ కాదు; 'కప్పు' అనవచ్చునేమో.

పరీక్ష రాసే పిల్లలను మాత్రం 'మాదీకరణం' అనే రాయనివ్వండి, లేకపోతే మార్కులు పోతాయి. మీ వ్యాసంలో మొదటిసారి 'డోపింగ్, అంటే తోడు వేయడం' అని రాసి, ఆ తరవాత ధైర్యంగా 'తోడు భాస్వరం' అనండి.