బుజ్జికి మావయ్య రాసేది

బుజ్జీ,

మొన్న మీ అమ్మ నీ చార్టు ఫొటో పంపింది. మూడేళ్లకీ మూడు రంగుల స్కెచ్ పెన్నులు! మొదటేడాది పైథాన్, రెండో ఏడాది ఇంటర్న్‌షిప్, ఆఖరేడాది ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం రాసే జామ్ పరీక్ష, ఆపైన ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. డిగ్రీలో చేరిన నెలకే ఇలా రాసుకున్నవాళ్లు మనిళ్లల్లో లేరు. అత్తయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. క్లాసులు ఎగ్గొట్టకు. మొదటేడాది అయ్యాక సెలవుల్లో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుని సంతకాల తంతు చేయకు. నీది స్టాటిస్టిక్స్ కదా, ఊళ్లో నలభై ఇళ్లు తిరిగి లెక్క నువ్వే రాసుకో. పొద్దున్న అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా గడులు గీశావు, అందులో అన్నం తినే గడి ఏదమ్మా?

జామ్‌ని ఆఖరేడాది జనవరిలో రాశావు, అది తప్పు. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది గానీ, అప్లికేషన్లు అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే అయిపోతాయి. అందులో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ అని విడిగా పేపరుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఎం.స్టాట్ (స్టాటిస్టిక్స్‌లో పీజీ) ప్రవేశ పరీక్ష కూడా చార్టులో రాసుకో. సీటొస్తే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఇంకోటి, నెట్ సెంటర్లో అప్లై చేస్తే అక్కడి కుర్రాడి ఫోన్ నంబరు వేయనివ్వకు. ఓటీపీలు వాడికి పోతాయి, హాల్ టికెట్ వేళకి వాడు షాపు మూసేసి పెళ్లికెళ్తాడు. పదో తరగతి మెమోలో నీ పేరు ఎలా ఉందో అక్షరం మార్చకుండా అన్నిచోట్లా అలాగే రాయి.

మీ స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో క్రామర్–రావు అని ఒక సూత్రం వస్తుంది చూడు, ఆ సి.ఆర్.రావు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివినాయనే. 1941లో కలకత్తా వెళ్లింది సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం ఇంటర్వ్యూకి. అక్కడుండగా ఆ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి, వెళ్లి చూసి, అందులో చేరిపోయాడు. కాబట్టి చార్టులో లేనిది ఎదురైతే భయపడకు.

ఇప్పుడు నా నిద్ర సంగతి.

నాది బీఎస్సీ ఎం.పి.సి. రెండో ఏడాది ఇంగ్లీషు పోయింది. పాసవడానికి ముప్ఫై అయిదు కావాలి, ముప్ఫై ఒకటి వచ్చాయి. లెక్కల్లో ఎనభైలు వచ్చినవాడికి ఇంగ్లీషు పోవడమేమిటని సిగ్గు. మీ తాతయ్య అరుగు మీద అందరికీ "మావాడు లెక్కల్లో పులి" అని చెప్పుకునే రోజులు. ఆ మెమోని ట్రంకుపెట్టెలో అడుగున పరిచిన పేపరు కింద పెట్టేశాను. సెప్టెంబరులో మళ్లీ రాయొచ్చు, కానీ ఫీజు కావాలి. ఫీజు అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకని కట్టలేదు. మార్చిలో మూడో ఏడాది పేపర్లతోపాటు రాసేద్దాం అనుకున్నాను. అప్పుడూ అడగలేకపోయాను. మూడో ఏడాదివన్నీ ఫస్టు క్లాసులో పాసయ్యాను. డిగ్రీ మాత్రం చేతికి రాలేదు.

ఇంట్లో ఎవరికీ తెలీదు. అందరితోపాటు బ్యాంకు క్లర్కు పరీక్షకి దరఖాస్తు పెట్టాను, అందులోనూ డిగ్రీ పాసయ్యాననే రాశాను. పరీక్ష గట్టెక్కింది, ఇంటర్వ్యూకి పిలిచారు. మీ తాతయ్య తన పెళ్లినాటి కోటు ఇచ్చి పంపారు. చేతులు పొట్టి, భుజాలు వదులు. బల్ల అవతలాయన నా మెమోలు ఒక్కొక్కటీ తిరగేసి, మొదటికొచ్చి మళ్లీ తిరగేసి, చాలా మెల్లగా అడిగాడు, "బాబూ, డిగ్రీ పాసైనట్టు ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఏదీ?" ఆయన కసిరినా బాగుండేది.

ఇంటికొచ్చేసరికి చీకటిపడింది. తాతయ్య అరుగు మీదే ఉన్నారు. కోటు విప్పకుండానే మొత్తం చెప్పేశాను. కొడతారనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఫీజు ఎంతరా?" అన్నారు. అంతే. రెండేళ్ల నుంచి నేను మోస్తున్నది ఆయన ఆ ఒక్క మాటతో దింపేశారు. ఆ సెప్టెంబరులో రాశాను, నలభై ఎనిమిది వచ్చాయి. తర్వాత రెండేళ్లకి ఇంకోచోట ఉద్యోగం దొరికింది. ఆ బ్యాంకు ముందు నుంచి వెళ్తే ఇప్పటికీ తల అటు తిప్పుకుంటాను. మీ అత్తయ్యకి కూడా మొన్నటిదాకా చెప్పలేదు.

నీ చార్టులో అన్నీ పాసైనట్టే ఉన్నాయి. ఒక్క గడిలోనూ "ఇది పోతే" అని లేదు. అందుకే నిద్ర పట్టలేదు. నీకు పోతుందని కాదమ్మా, నువ్వు మీ తాతయ్య ముద్దు చేసిన పిల్లవి, నాకంటే తెలివైనదానివి. కానీ పోతే దాచేసే రక్తం మనది. మీ అమ్మ కూడా ఇంటర్లో ఏం చేసిందో ఎప్పుడైనా అడుగు, నేను చెప్పానని మాత్రం అనకు.

ఏ సెమిస్టరులోనైనా ఏదైనా పోయిందనుకో, రిజల్టు చూసిన గంటలో నాకు ఫోన్ చెయ్యి. అమ్మకి ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం. అర్ధరాత్రయినా సరే, ఎలాగూ మెలకువగానే ఉంటాను.

మీ అమ్మతో ఆవకాయ సీసా, సర్టిఫికెట్లు పెట్టుకోవడానికి జిప్పు ఫైలు పంపుతున్నాను. జిరాక్సులు ఒక అరలో, ఒరిజినళ్లు ఇంకో అరలో పెట్టుకో. ఆ పైథాన్ కోర్సుకి ఫీజు ఎంతో కనుక్కుని రాయి.

మీ మావయ్య