ఊరు మారుతున్నాం, ఉన్న ఇల్లు ముందు అమ్మాలా, అక్కడ కొత్తది కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మూడు నెలల్లో వేరే ఊరిలో ఉద్యోగంలో చేరాలి, ఇప్పుడున్న ఇంటి మీద లోన్ ఇంకా నడుస్తోంది, పిల్లల చదువు ఏడాది మధ్యలో ఉంది. ఇది అమ్మాకే అక్కడ కొనాలా, లేక అక్కడ కొనేసి దీన్ని తీరిగ్గా అమ్మాలా, అమ్మకుండా అద్దెకిచ్చి ఉంచుకుంటే ఎలా అని అడిగారు. మా వారి ఉద్యోగం వల్ల మేం ఇల్లు అమ్మి ఊరు మారి మళ్ళీ కొన్నవాళ్ళం కాబట్టి చెప్తున్నాను. ముందు అమ్మండి. అక్కడ కొన్నాళ్ళు అద్దెకుండండి. ఆ తర్వాత కొనండి. సామాను రెండుసార్లు సర్దుకోవాల్సి వస్తుంది, పిల్లలు విసుక్కుంటారు, అదంతా నిజమే. అయినా నా సలహా ఇదే.

ఊరు మారేవాళ్ళకి ఎక్కువ నష్టం తెచ్చేది మార్కెట్ కాదు, తేదీ. ఫలానా తారీఖుకి డబ్బు చేతికి రాకపోతే అక్కడ కట్టిన అడ్వాన్స్ పోతుంది అనే పరిస్థితిలో పడితే, మీరు చెప్పకపోయినా కొనేవాళ్ళకి తెలిసిపోతుంది. సగం ఖాళీ అయిన గదులు, హాల్లో కట్టిపెట్టిన అట్టపెట్టెలు, ఏజెంట్ నోరు జారిన ఒక్క మాట చాలు. ఇక బేరం వాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోతుంది. అందుకే రెండు బేరాలనీ ఒకే తేదీకి ముడిపెట్టొద్దంటాను. మధ్యలో అద్దె ఇల్లు ఉంటే ఇక్కడ తొందరపడి అమ్మక్కర్లేదు, అక్కడ తొందరపడి కొనక్కర్లేదు.

అలాగని ధర కోసం నెలల తరబడి పట్టుబట్టడం కూడా మంచిది కాదు. ఖాళీగా ఉన్న ఇల్లు ప్రతి నెలా డబ్బు తింటుంది: లోన్ వడ్డీ, ఆస్తి పన్ను, మెయింటెనెన్స్, ఇన్సూరెన్స్, చిన్నా చితకా రిపేర్లు. ఇవన్నీ కలిపి నెలకి ఇంటి ధరలో అర శాతం అవుతున్నాయనుకోండి. ఇంకో 2 శాతం ఎక్కువ ఇచ్చేవాళ్ళ కోసం ఆరు నెలలు ఆగితే ఖర్చు 3 శాతం. ఆశించిన ధర వచ్చినా ఒక శాతం నష్టమే. మీ అంకెలు వేరుగా ఉంటాయి, కానీ ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే మొదటి ఆఫర్‌కి కాదనండి. ఇల్లు అమ్మకానికి పెట్టిన మొదటి కొన్ని వారాల్లోనే ఎక్కువ మంది చూస్తారు. అప్పుడు ధర మరీ ఎక్కువ చెప్పి తర్వాత కాస్త కాస్త తగ్గిస్తూ పోతే, ఈ ఇంట్లో ఏదో లోపం ఉందన్న అనుమానం మొదలవుతుంది. చుట్టుపక్కల ఈమధ్య నిజంగా అమ్ముడైన ధరలు కనుక్కోండి. ప్రకటనల్లో కనిపించేవి అడిగే ధరలు మాత్రమే.

అమ్మే ముందు వంటిల్లు మొత్తం కొత్తగా చేయించడం లాంటి పెద్ద పనులు పెట్టుకోవద్దు. పెట్టిన డబ్బు పూర్తిగా తిరిగి రావడం అరుదు, కొనేవాళ్ళ ఇష్టం ఎలాగూ వేరుగా ఉంటుంది. కారే కుళాయిలు, ఊగే తలుపులు, వెలగని లైట్లు బాగుచేయించి, ఒక కోటు రంగు వేయించి, సామాను తగ్గించండి. అంతవరకు చాలు.

బ్యాంకు పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. ఇంటి ఒరిజినల్ కాగితాలు మీ బ్యాంకు దగ్గర ఉంటే, మీ బాకీ తీరేదాకా అవి బయటికి రావు. కొనేవాళ్ళు కూడా లోన్ తీసుకుంటుంటే వాళ్ళ బ్యాంకు మీ బ్యాంకుకి నేరుగా డబ్బు కట్టి, తాకట్టు విడిపించి, కాగితాలు తీసుకోవాలి. రెండు బ్యాంకుల మధ్య ఈ పని మనం అనుకున్నంత వేగంగా జరగదు. ఇవాళ్టికి ఎంత బాకీ ఉందో, రోజుకి ఎంత వడ్డీ పెరుగుతుందో, ముందుగా మూసేస్తే పెనాల్టీ ఉందో లేదో రాసిచ్చే లెటర్ అడగండి. దాంతోపాటు బ్యాంకు దగ్గరున్న కాగితాల జాబితా కూడా తీసుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోండి. మాకు ఆ జాబితాలో ఒక పాత లింక్ డాక్యుమెంట్ (ఇల్లు అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే కాగితం) కనిపించలేదు. ఇంకా కొనేవాళ్ళు దొరకకముందే చూసుకున్నాం కాబట్టి వెతికించడానికి టైం దొరికింది. అడ్వాన్స్ తీసుకున్నాక బయటపడి ఉంటే ఆ టెన్షన్ వేరేలా ఉండేది.

ఆ లెటర్ వచ్చాక, చివరికి చేతికి ఎంత వస్తుందో రాసుకోండి. అమ్మకం ధరలోంచి లోన్ బాకీ, ఏజెంట్ కమీషన్, పెనాల్టీ, లాభం మీద పన్ను, తరలింపు ఖర్చు అన్నీ తీసేయండి. మిగిలిందే మీ కొత్త ఇంటి మూలధనం. చాలామంది అమ్మకం ధరనే మనసులో పెట్టుకుని అక్కడ ఇళ్ళు చూడటం మొదలుపెడతారు. లాభం మీద పన్ను విషయంలో, గడువులోపల ఆ డబ్బుతో మళ్ళీ ఇల్లు కొంటే మినహాయింపు ఇచ్చే చోట్లూ ఉన్నాయి, ఎన్నాళ్ళు మీరు ఆ ఇంట్లో ఉన్నారన్నదాన్ని చూసే చోట్లూ ఉన్నాయి. మీకు వర్తించే నియమం ఏమిటో అమ్మకముందే పన్నుల సలహాదారుని అడగండి. దేశమే మారుతున్నట్టయితే ఇది ఇంకా ముఖ్యం. ఇల్లున్న దేశంలో నివాసం లేని వ్యక్తిగా మీరు అమ్మితే, కొనేవాళ్ళు ధరలో కొంత పన్ను కింద పట్టి ఉంచాల్సిన దేశాలు చాలా ఉన్నాయి.

పాత ఇల్లు అమ్ముడయ్యేలోపు కొత్తది కొనడానికి బ్రిడ్జ్ లోన్ ఇస్తామని బ్యాంకులు చెప్తాయి. అది తక్కువ కాలం గడువుండే అప్పు, వడ్డీ సాధారణంగా మామూలు ఇంటి లోన్ కన్నా ఎక్కువ. రెండు ఇళ్ళ వాయిదాలూ కనీసం ఆరు నెలలు జీతంలోంచీ, పొదుపులోంచీ కట్టగలిగితే సరే, ముందు కొనుక్కోండి. ఆ సత్తా లేనప్పుడు, ఇల్లు ఎలాగూ అమ్ముడవుతుందిలే అన్న ధైర్యంతో దాని జోలికి వెళ్ళొద్దు.

ఇంకో చిక్కు కొత్త ఉద్యోగంతో వస్తుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకి లోన్ ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి, కొన్ని నెలల జీతం స్లిప్పులు చూశాకే కదులుతాయి. అద్దెకుండే ఆ కొన్నాళ్ళు ఈ విధంగా కూడా పనికొస్తాయి. ఆఫర్ మీద సంతకం పెట్టకముందే కంపెనీని తరలింపు ఖర్చులు, మొదటి కొన్ని వారాల బస, ఏజెంట్ కమీషన్ ఇస్తారా అని అడగండి. సంతకం అయ్యాక అడిగితే బలం ఉండదు. ఇచ్చినా, ఏడాదో రెండేళ్ళో నిండకుండా మానేస్తే తిరిగి కట్టాలనే షరతు ఉండొచ్చు, చదువుకోండి.

అద్దెకుంటే ఊరు తెలుస్తుంది. ఆఫీసు టైంలో రోడ్డు ఎలా ఉంటుందో, రాత్రి ఎంత గోల ఉంటుందో, పిల్లలు బడికి ఎలా వెళ్ళగలరో వీడియో కాల్‌లో తెలియదు. మేం కొనాలనుకున్న ఒక ఇంట్లో అన్నిటికీ కొత్త రంగు. బాత్రూం పైకప్పు మూల మాత్రం చేత్తో తడిమితే చల్లగా, మెత్తగా తగిలింది. వాన పడిన మర్నాడు మళ్ళీ వెళ్తే అదే మూల రంగు కింద గోధుమరంగు వలయం పైకి తేలుతోంది. పై అంతస్తువాళ్ళని అడిగితే లీకు చాలాకాలంగా ఉందన్నారు. ఆ ఇల్లు వదిలేశాం. ఊళ్ళోనే ఉన్నాం కాబట్టి వాన కోసం ఆగగలిగాం. రెండు కుళాయిలు ఒకేసారి తిప్పి నీటి ధార చూడండి, సింకు కింద అర తెరిచి చూడండి, ఇంజనీరుతో ఒకసారి తనిఖీ చేయించండి. ఆ ఫీజు ఇంటి ధర ముందు లెక్కలోకి రాదు. బ్యాంకు వేసే వాల్యుయేషన్, అంటే ఇంటి విలువ అంచనా, తనిఖీ కాదు, అది బ్యాంకు తన కోసం చూసుకునేది. అది మీరు ఒప్పుకున్న ధర కన్నా తక్కువ వస్తే లోన్ ఆ తక్కువ మీదే ఇస్తారు, తేడా మీరే కట్టాలి.

పాతది అద్దెకిచ్చి ఉంచుకుంటే అన్నారు. తిరిగి అదే ఊరికి వస్తామని గట్టిగా తెలిస్తే తప్ప నేను వద్దంటాను. దూరం నుంచి ఇల్లు చూసుకోవడం పెద్ద చాకిరీ, పైగా పాత లోన్ నడుస్తుంటే కొత్త లోన్ అర్హత తగ్గుతుంది. కొన్నాళ్ళు ఖాళీగా ఉంచాల్సి వస్తే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. ఇల్లు వరసగా 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకి డబ్బివ్వని పాలసీలు చాలా ఉన్నాయి.

మీరు వెళ్ళిపోయాక ఇక్కడ సంతకాలు పెట్టాల్సి వస్తే పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తారు కదా, అది ఈ ఒక్క ఇంటికీ, ఫలానా పనులకీ, ఫలానా తేదీ వరకే అని రాయించండి. డబ్బు పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త. అకౌంట్ నంబర్ మారిందని మెయిల్ వస్తే నమ్మొద్దు. మీ దగ్గర ముందునుంచీ ఉన్న ఫోన్ నంబర్‌కి చేసి, నోటితో చెప్పించుకున్నాకే పంపండి. దూరం నుంచి జరిగే అమ్మకాల్లో ఈ మోసం ఎక్కువ.

పిల్లల చదువు సంగతి అడిగారు. దానికి ఒక దారి ఉంది. రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలు కొన్నవాళ్ళకే అద్దె కట్టి అదే ఇంట్లో ఉంటామని బేరంలోనే పెట్టండి. వాళ్ళకి వెంటనే దిగాల్సిన అవసరం లేకపోతే చాలామంది ఒప్పుకుంటారు, ధరలో కాస్త తగ్గించినా మీకు గిట్టుబాటే. ఖాళీ చేసే తేదీ, అద్దె, డిపాజిట్, ఈలోగా ఏదైనా పాడైతే ఎవరు బాగుచేయించాలి, ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాయించండి. వాళ్ళు కొన్నది లోన్ మీదైతే, కొన్న ఇంట్లో ఇన్నాళ్ళలోగా వాళ్ళే దిగాలన్న షరతు ఉందేమో వాళ్ళ బ్యాంకుని ముందే అడిగించండి.