పన్ను డబ్బుతో నాటకాలా?

ప్ర: జీతం చేతికి రాకముందే పన్ను కోసేస్తారు. మా వీధిలో డ్రైనేజీ పొంగుతుంటే ఆ డబ్బు నాటకాలకీ నాట్యాలకీ ఇవ్వడం న్యాయమేనా? నేనవి చూడను కూడా చూడను.
– ఒక స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, గాజువాక

జ: డ్రైనేజీ గురించి కార్పొరేషన్‌ని నిలదీయండి, నేనూ సంతకం పెడతాను. జీతంలో కోసే ఆదాయపు పన్ను మాత్రం ఢిల్లీ పద్దు. 2025-26లో కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్ల పైచిలుకు, సంస్కృతి శాఖకు దక్కింది దాదాపు 3,360 కోట్లు. వందకి ఏడు పైసలు కూడా కాదు. అందులోనూ మూడోవంతుకు మించి పురావస్తు శాఖకే పోతుంది.

తక్కువే కదా అని తప్పించుకోను. మన పక్కనున్న విజయనగరంలో 1892లో కన్యాశుల్కం ఆడారంటే ఆనంద గజపతి మహారాజు ఆదరణ ఉంది. ఆ ఖజానా నిండింది రైతు శిస్తుతోనే. ఇవ్వనా వద్దా అని రైతునెవరూ అడగలేదు. మీరు ఉత్తరం రాసి మరీ అడుగుతున్నారు, మంచిదే. 1919లో ఆ సంస్థానమే సంగీత కళాశాల పెట్టింది, ఇప్పుడది ప్రభుత్వానిది. మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తిన్న కుర్రాడు ఘంటసాల చదువుకున్నది అక్కడే. అలాంటి పిల్లల ఫీజుల మీదే నడవాలంటే ఆ బడి ఎన్నాళ్లుండేది? నాటకాలు చూడరు సరే, ఘంటసాల పాట వినకుండా ఉన్నారా?

ఆడిటర్‌గా పనిచేస్తూ ఇక్కడి ఒక నాటక సమాజం లెక్కలు చూసేవాణ్ణి. హాలు అద్దె, లైట్లు, మైకు, మేకప్, హార్మోనిస్టు, అనకాపల్లి నుంచి నటుల్ని తెచ్చే వ్యాను. టికెట్ల డబ్బు అద్దెకే చాలేది కాదు. గ్రాంటు వస్తే నాటకం అయిపోయాక వచ్చేది. అప్పటిదాకా కార్యదర్శి గారి భార్య గాజులు తాకట్టులో ఉండేవి.

మీ కోపంలో సగం నాకూ ఉంది. శాలువాలు, ఫ్లెక్సీలు, బీచ్‌రోడ్డులో సినిమావాళ్లతో ఉత్సవాలు: వీటికి పన్ను డబ్బు ఒక్క పైసా వద్దు. సిరిపురం గురజాడ కళాక్షేత్రం లాంటి ప్రభుత్వ హాళ్లు ఊళ్లోని సమాజాలకు నామమాత్రపు అద్దెకివ్వాలి. తప్పెటగుళ్ల జానపద నృత్యం నేర్పే గురువుకి నెలనెలా జీతం ఇవ్వాలి, అదీ ఒకటో తారీఖున. మీకొచ్చినట్టే.

ప్ర: టికెట్ ధర పెంచుకుంటే సరిపోదా?
– ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ

జ: పెంచవచ్చమ్మా, ఐదొందల దాకా నాటకం టికెట్‌కి జీఎస్టీ కూడా లేదు. కానీ పద్యానికి వన్స్‌మోర్ అని అరిచేది వెనక వరసలవాళ్లు. వాళ్లు యాభై రూపాయలకే జేబు తడుముకుంటారు. ముందు వరస అతిథులు ఎటూ పాసుల మీదే వస్తారు.