గుడ్లు చల్లగా ఉంటే తల్లి వదిలేసినట్టు కాదు

ప్రశ్న: కంది చేనులో కలుపు తీస్తుంటే గట్టు పక్క పొదలో 5 నెమలి గుడ్లు కనిపించాయి. చల్లగా ఉన్నాయి. తల్లి వదిలేసిందనుకుని నిన్న సాయంత్రం ఇంటికి తెచ్చి, పొదుగుకు వచ్చిన నాటుకోడి కింద పెట్టాను. పుట్టే పిల్లలకు రోగాలు రాకుండా మందుల దుకాణంలో యాంటీబయాటిక్ పొడి ఇచ్చారు. నీటిలో ఎంత కలపాలి?

జవాబు: చిటికెడు కూడా కలపవద్దు. ముందు ఆ గుడ్లను తెచ్చిన చోటే ఈ రోజే పెట్టేయండి. చల్లగా ఉన్నంత మాత్రాన తల్లి వాటిని వదిలేసిందనుకోవడం తప్పు. ఆడ నెమలి గుడ్లన్నీ పెట్టడం పూర్తయ్యాకే పొదుగుతుంది. అంతవరకు అవి చల్లగానే ఉంటాయి. మనిషి చేయి తగిలితే తల్లి రాదన్న మాట నమ్మకండి. గుడ్లు కడగవద్దు, ఊపవద్దు. ఆ పొద చుట్టూ కలుపు అలాగే ఉంచి, కూలీలను, కుక్కలను అటు పోనివ్వకండి. దూరం నుంచే గమనించండి.

నెమలి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. గుడ్లు తీసినా చట్టం దృష్టిలో వేటే. కాబట్టి అటవీ బీటు అధికారికి ఈ రోజే చెప్పండి. తల్లి తిరిగి రాకపోతే గుడ్లను ఏం చేయాలో ఆయనే చెబుతారు. ఎప్పుడైనా పిల్ల ఒంటరిగా కనిపిస్తే గట్టు నీడకు చేర్చి దూరంగా వచ్చేయండి. నెమలి పిల్ల పుట్టిన రోజు నుంచే నడుస్తుంది, తల్లి దగ్గరలోనే ఉంటుంది. నోట్లో నీళ్లు పోయవద్దు. గాయపడి ఉంటే మాత్రం గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీ సిబ్బందికి అప్పగించండి.

కోడి కింద నెమలి పిల్లలను పెంచాలన్న ఆలోచనే ప్రమాదం. నాటుకోళ్లు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే బ్లాక్‌హెడ్ అనే, పేగులను, కాలేయాన్ని దెబ్బతీసే రోగాన్ని మోస్తుండవచ్చు. అది నెమలి పిల్లలను చంపేయగలదు. కొక్కెర తెగులు (రాణిఖేత్) కోళ్లకూ నెమళ్లకూ వస్తుంది. అది వైరస్ రోగం, దానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. ఈ సంగతి తెలియకుండా దుకాణదారు పొడి అంటగట్టడం, మీరు కొనడం రెండూ తప్పే. రోగం ఏమిటో పశువైద్యుడు చూడకుండా యాంటీబయాటిక్ కొనకండి.

ఆ డబ్బు మీ కోళ్ల టీకాలకు పెట్టండి. కొక్కెర తెగులు రాకుండా కోడిపిల్లలకు 7వ రోజు కంట్లో ఒక చుక్క లసోటా టీకా, 28వ రోజు మళ్లీ అదే. 8వ వారంలో అదే తెగులుకు ఆర్‌2బి టీకా 0.5 మి.లీ. రెక్క దగ్గర చర్మం కిందికి సూదితో. దానికి వారం ముందు నట్టల మందు పట్టించాలి. టీకాను ఐసులో తెచ్చి, చల్లటి వేళ, కలిపిన 2 గంటల్లోపే వాడాలి. నలతగా ఉన్న కోళ్లకు వేయవద్దు.